రెండో సీసా

అక్టోబరు రెండో వారంలో వాన పట్టుకుంది. తొమ్మిది రోజులు వదల్లేదు. ముప్పై నాలుగేళ్లుగా వాంకూవర్‌లో ఉంటున్న శకుంతలకు వాన కొత్తేమీ కాదు. కానీ ఆ ఏడాది మాత్రం ప్రతి చినుకూ తన మీద కక్షగట్టి పడుతున్నట్టు అనిపించింది. పెరట్లోని గ్రీన్‌హౌస్‌లో నాలుగు గంజాయి మొక్కలు కోతకొచ్చి నిలబడి ఉన్నాయి. వాటిని పెంచిన మనిషిని వాటి దగ్గరకు వెళ్లొద్దని డాక్టర్లు చెప్పేశారు.

పెంచింది ఆమె భర్త అచ్యుత్. పోర్టులో క్రేన్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆరేళ్ల కిందట ఆయనకు మైలోమా అని తేలింది. రక్తానికి వచ్చే క్యాన్సరు. మందులు జబ్బును అదుపులో పెట్టాయి గానీ కాళ్ల నరాలను కాల్చేశాయి. అరికాళ్ల కింద నిప్పులు పోసినట్టు ఉంటుందనేవాడు. దుప్పటి అంచు తగిలినా ఉలిక్కిపడేవాడు. నొప్పి బిళ్లలు వేసుకుంటే రోజంతా మగత. దుకాణంలో దొరికే గంజాయి నూనె వేసుకుంటే కళ్లు తిరిగి వాంతులు. క్లినిక్‌లో ఒక నర్సు, మెల్లగా పనిచేసే రకాలు కూడా ఉంటాయనీ, కొంతమందికి అవి పడతాయనీ చెప్పింది. ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవడం ఇక్కడ చట్టం ఒప్పుకున్న సంగతే. మే నెలలో గ్రీన్‌హౌస్‌లో బీరపాదుకీ గోంగూరకీ పక్కన నాలుగు నారుమొక్కలు నాటాడు.

శకుంతల వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

"హెడ్మాస్టరు గారి అమ్మాయిని నేను. మా ఇంట్లో ఆ మాట కూడా ఎత్తేవాళ్లు కాదు," అంది.

"మీ నాన్నగారికి కాళ్లు మండలేదు కదా," అన్నాడు ఆయన.

వేసవంతా ఆయన ఆ మొక్కలతో గడిపాడు. ఆకులు తుంపేవాడు, కొమ్మలు వంచి కట్టేవాడు, ఫోన్లో ఫోటోలు తీసి చూపించేవాడు. జబ్బు మనిషిలా కాకుండా పని ఉన్న మనిషిలా కనిపించేవాడు. అది చూసి శకుంతల మనసు మెత్తబడింది. సెప్టెంబరు చివర్లో రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. మట్టి ముట్టుకోవద్దు, చెమ్మ ఉన్నచోట ఉండొద్దు, తోటలోకి అసలే వద్దు అన్నారు. అందుకని కోత ఆమె మీద పడింది.

వాన కోటు వేసుకుని, చేతిలో కత్తెర పట్టుకుని ఆమె గ్రీన్‌హౌస్‌లో నిలబడితే, అచ్యుత్ వంటింటి అద్దాల తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుని ఫోన్లో పురమాయించాడు.

"మొదలంటా కొయ్యకు. కొమ్మ కొమ్మగా కొయ్యి. ముందు ఆ ఎడమ పక్కది. దాని గుత్తులు లావుగా ఉన్నాయి, లోపల చెమ్మ పట్టేస్తుంది."

"పట్టేసినట్టే ఉందండీ. చెయ్యి పెడితే తడి తగుల్తోంది."

"మెల్లగా దులుపు. గట్టిగా కాదు. పసిపిల్లకి తల తుడుస్తామే, అలాగ."

"మీరు ఆ తలుపు దగ్గర్నించి లేవండి ముందు. చలి."

"తలుపు మూసే ఉంది. నువ్వు కానీ."

కోసిన కొమ్మలను బేస్‌మెంట్లో కూతురు స్నేహ గదిలో తాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసింది. స్నేహ వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, ఏడాదికోసారి వస్తుంది. గదిలో కిటికీ మూసి, చిన్న ఫ్యాను గోడవైపు తిప్పి పెట్టింది. గాలిలో తేమను లాగేసే మిషను ఒకటి కొని మూలన పెట్టింది. ఏం చేయాలో అచ్యుత్ కంఠతా చెప్పాడు. గదిలో తేమ అరవై శాతం దాటకూడదు. పది పన్నెండు రోజులు నిదానంగా ఆరాలి. సన్న పుల్ల వంచితే వంగకూడదు, టప్పున విరగాలి. అప్పుడు గుత్తులు తుంపి గాజు సీసాల్లో ముప్పాతిక వంతు నింపి మూత పెట్టాలి. రోజుకు రెండుసార్లు మూత తీసి గాలి తగలనివ్వాలి. మూడు వారాలు అలా మాగితే ఘాటు తగ్గుతుంది, గొంతులో గరగర ఉండదు.

మొదటి రోజు తేమ కొలిచే మీటరు డెబ్బై నాలుగు చూపించింది. మిషను గీపెడుతూ పనిచేసి రెండో రోజుకు అరవై ఆరుకు తెచ్చింది. దాని తొట్టి పొద్దునా సాయంత్రం నిండిపోయేది. శకుంతల దాన్ని మోసుకెళ్లి బాత్రూంలో పారబోసి వచ్చేది. వాన తగ్గలేదు. గోడలే నీళ్లు తాగుతున్నట్టు ఉండేది.

వాసన మెట్లెక్కి పైకి వచ్చేసింది. వీధి చివర ఉండే బేబీగారు ఓ మధ్యాహ్నం కంద బచ్చలి కూర తెచ్చి, గుమ్మంలోనే ముక్కు చిట్లించారు.

"ఏంటి శకుంతలగారూ ఈ కంపు? ఆ కంపుపిల్లి, స్కంక్ గానీ దూరిందా ఇంటికింద?"

"అదేనండీ, పెరట్లో తిరుగుతోంది," అంది శకుంతల.

"మా ఇంటి దగ్గరా అంతే. మనిషిని పిలిపించండి, పట్టుకుపోతారు." ఆవిడ కూర గిన్నె చేతికిచ్చి లోపలికి రాకుండానే వెళ్లిపోయారు. అచ్యుత్ సోఫాలో పడి నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది. శకుంతలకు మాత్రం నవ్వు రాలేదు. అంత సులువుగా అబద్ధం చెప్పినందుకు తన మీద తనకే ఆశ్చర్యం వేసింది.

ఎనిమిదో రోజు ఆయనకు సెలైన్లో మందు ఎక్కించే రోజు. ఉదయం ఏడింటికి వెళ్తే సాయంత్రమైంది. రక్తం ఎక్కించాలన్నారు, రాత్రికి ఉండమన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి శకుంతల బూట్లయినా విప్పకుండా కిందికి దిగింది. గది నిశ్శబ్దంగా ఉంది. తొట్టి నిండి మిషను దానంతటదే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలీదు. మీటరు మీద ఎనభై ఒకటి. కొమ్మల మీద చెయ్యి వేస్తే చల్లగా, మెత్తగా తగిలాయి. తొట్టి పారబోసి మిషను మళ్లీ వేసింది. పైకి వచ్చి కాఫీ పెట్టింది.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు అచ్యుత్.

"బాగానే ఉన్నాయండీ."

ఆ తర్వాత మూడు రోజులు ఆయన నరకం చూశాడు. ఎక్కించిన మందు మంటను మరింత పెంచింది. చల్లటి నీళ్ల టబ్బులో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. పగలు చిరాకు పడేవాడు, రాత్రి గోడకు తిరిగి పడుకునేవాడు. ఏడుస్తున్నాడో లేదో ఆమెకు తెలిసేది కాదు. పన్నెండో రోజు పొద్దున ఇడ్లీ తుంచుతూ అడిగాడు.

"పుల్లలు విరుగుతున్నాయా శకూ?"

అంతకు పావుగంట ముందే ఆమె వంచి చూసింది. చిన్నవి విరిగాయి. లావు గుత్తులున్నవి వంగాయి.

"విరుగుతున్నాయి," అంది.

మూడు సీసాలు నిండాయి. శుక్రవారం మూతలు పెట్టింది. సోమవారం పొద్దున మొదటి సీసా మూత తీసేసరికి తడిసిన గడ్డివాము వాసన గుప్పుమంది. వెనకాలే అమ్మోనియాలా మరో ఘాటు. శకుంతల చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

ఆమె ఇరవై ఎనిమిదేళ్లు ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసింది. చివరి పదేళ్లు ఫంగస్ బల్ల ఆమెదే. ఊపిరితిత్తుల నుంచి, గాయాల నుంచి, కంటి నుంచి వచ్చిన నమూనాల్లో ఏ బూజు పెరుగుతోందో పేరుపెట్టి చెప్పడం ఆమె పని. కుర్రడాక్టర్లు ఆమె రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్లు. తెల్లకణాలు లేని మనిషి ఊపిరితిత్తుల్లోకి ఏ బూజు వెళ్తే ఏమవుతుందో ఆమెకు పుస్తకం తెరవకుండా తెలుసు.

లావుగా ఉన్న గుత్తిని రెండుగా విడదీసింది. లోపల కాడ చుట్టూ బూడిదరంగు నూగు. సాలెగూడులా ఒక పోగు సాగి తెగింది.

ఆ సీసా మొత్తాన్ని సంచిలో కట్టి బయట చెత్తడబ్బాలో పడేసింది. మూడో సీసా తీసి చూసింది. అందులోనూ రెండు గుత్తుల మీద మచ్చలు. దాన్నీ పడేసింది. రెండో సీసాలో అన్నీ చిన్న గుత్తులు. పంచదార చల్లినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ మెరుపు మొక్క జిగురుదే, అది ఉండాలనే అచ్యుత్ కోరుకున్నాడు. ఒక గుత్తికి అడుగున తెలుపు కొంచెం వేరుగా, మసకగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. జిగురే అయ్యుండొచ్చు. పై అరలో మైక్రోస్కోప్ ఉంది, ఆమె రిటైరైనప్పుడు ల్యాబు వాళ్లు ఇచ్చింది. దాన్ని దింపి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే పైకి వెళ్లి చెప్పాలి, ఆరు నెలలు పెంచింది అంతా పోయిందని.

శకుంతల మూత పెట్టి, రెండో సీసాను పైకి తీసుకెళ్లింది.

"రెండు సీసాలు సరిగా ఆరలేదండీ, పడేశాను. ఇది బాగుంది."

"మూడు వారాలు మాగాలి కదా?"

"కొంచెం వాడి చూడండి. మీకు కావాల్సింది రుచి కాదుగా."

"నెయ్యిలో కాచి ఇస్తానన్నావు?"

ఆ క్షణంలో ఆమె సరే అని ఉంటే సరిపోయేది. బూజు ఉన్నా వేడికి చాలామటుకు చచ్చేది. కానీ నెయ్యి వాసనకే ఆయనకు వారంగా కడుపులో తిప్పుతోంది. తిన్నది నిలవడం లేదు.

"ఇవాళ్టికి ఆవిరి పట్టే ఆ పెన్నులాంటి దాంతో పీల్చండి. రేపు చూద్దాం," అంది.

ఆ రాత్రి అచ్యుత్ ఏడు గంటలు కదలకుండా నిద్రపోయాడు. పొద్దున లేచి పప్పన్నం అడిగాడు. పొద్దున్నే పప్పన్నమేంటండీ అంటూనే ఆమె కుక్కరు పెట్టింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. బుధవారం ఇంటిచుట్టూ గొడుగు వేసుకుని నడిచాడు. గురువారం స్నేహతో ఫోన్లో అరగంట మాట్లాడి, హాకీ గురించి వాదించాడు. ఆ ఐదు రోజులూ శకుంతల తనకు తాను ఒకటే చెప్పుకుంది. బాగుంటే బాగున్నట్టే. చెడ్డదైతే ఇలా ఉంటుందా?

ఆదివారం పొడిదగ్గు మొదలైంది. సోమవారం ఉదయం ఒళ్లు కాలిపోతోంది. థర్మామీటరు ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు. ముప్పై ఎనిమిది దాటితే ఫోను కూడా చేయకుండా నేరుగా వచ్చేయమని డాక్టర్లు ఎప్పుడో చెప్పి ఉంచారు. ఎమర్జెన్సీలో గంటలోపే పడక ఇచ్చారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి. చకచకా ప్రశ్నలు అడిగింది. ఇంట్లో ఎవరికైనా జలుబుందా? గోడలు పగలగొట్టే పనులేమైనా జరుగుతున్నాయా? తోటపని? పొగ?

"తోటలోకి వెళ్లి నెల దాటింది. పొగ అలవాటు లేదు, ఎప్పుడూ లేదు," అన్నాడు అచ్యుత్ ఇంగ్లీషులో. అని, ఇంకేమైనా ఉందా అన్నట్టు శకుంతల వైపు చూశాడు.

శకుంతల ఆయన బట్టల సంచి జిప్పు లాగుతోంది. జిప్పు ఎక్కడో ఇరుక్కుంది. దాన్ని వెనక్కి లాగి, మళ్లీ ముందుకు లాగింది. అప్పటికి డాక్టరమ్మాయి తల వంచి రాసుకోవడం మొదలుపెట్టింది.

యాంటీబయాటిక్స్ పెట్టారు. మామూలు న్యుమోనియా కావచ్చన్నారు. సోమవారం గడిచింది. మంగళవారం జ్వరం ముప్పై తొమ్మిది. దగ్గితే రొమ్ములో పొడిచినట్టు ఉందన్నాడు. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు తగిలించారు. శకుంతల పక్కన కుర్చీలో కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. చెప్పకపోయినా వాళ్లే కనిపెడతారేమో. అసలు దానివల్ల కాదేమో. అదే అనుకుంటూ మంగళవారమంతా కూర్చుంది.

బుధవారం ఉదయం ఆయన నిద్రలో ఉండగా ఇంటికి వెళ్లింది. మాస్కు పెట్టుకుని, రెండో సీసా మూత తీసి, మసకగా కనిపించిన ఆ గుత్తికి సెలోటేపు అద్దింది. టేపును గాజుపలక మీద నీటిచుక్కలో పరిచి మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఫోకస్ తిప్పక్కర్లేకుండానే కనిపించినంత తేటగా కనిపించింది. సన్నటి కాడ, కొసన బుడిపెలాంటి తల, దాని పైసగం నుంచి ఒత్తుగా లేచిన గొలుసులు, గొలుసుల నిండా గుండ్రటి బీజాలు. ఆస్పర్‌జిల్లస్. పదేళ్లలో ఎన్ని వందలసార్లు ఆ పేరు రిపోర్టుల మీద రాసిందో లెక్కలేదు. ఆ రిపోర్టులు అందుకున్న మనుషుల్లో చాలామంది బతకలేదనీ ఆమెకు తెలుసు.

సీసాను రెండు కవర్లలో బిగించి కట్టి ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మాయి కారిడార్‌లోనే ఎదురైంది. పక్కకు పిలిచి చెప్పేసి, ఆయనకు తెలియకుండా ఉంచమని అడగొచ్చు. దారంతా అదే ఆలోచన ఉంది. కానీ ఆ అమ్మాయి మొహం చూడగానే, ఇంకో అబద్ధం మొయ్యడానికి ఒంట్లో ఓపిక లేదనిపించింది.

"గదిలోకి రండి. ఇద్దరూ కలిసి వినాలి," అంది.

మంచం పక్కన నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఇంట్లో పెంచిన గంజాయి, వానలో కోత, సరిగా ఆరకపోవడం, ఆరు రాత్రులు పీల్చడం, ఈ పొద్దున మైక్రోస్కోప్‌లో కనిపించింది. ల్యాబులో కేసు వివరాలు చెప్పినట్టే చెప్పింది. డాక్టరమ్మాయి కోప్పడలేదు. కవరు అందుకుంది.

"బూజు మీరు మొదట చూసింది ఎప్పుడు?" అని అడిగింది.

"పోయిన సోమవారం. తొమ్మిది రోజుల కిందట."

"ఆయన వాడటం మొదలుపెట్టింది?"

"అదే రోజు సాయంత్రం."

డాక్టరమ్మాయి "చెప్పడం మంచిదైంది, వెంటనే స్కాన్ చేయిద్దాం, ఈలోగానే మందు మొదలుపెడతాం" అని గబగబా వెళ్లిపోయింది. శకుంతల మంచం వైపు తిరిగింది. అచ్యుత్ కళ్లు పైకప్పు మీద ఉన్నాయి.

"ఏవండీ..."

"ఆ రోజు నన్ను అడిగి ఇచ్చావా?" ఆయన తెలుగులో, మెల్లగా అన్నాడు. "బాగుంది అన్నావు."

"మీరు నిద్రపోయి ఎన్నాళ్లయిందో..."

"బాగుంది అన్నావు శకుంతలా."

ఎప్పుడూ శకూ అని పిలిచే మనిషి పూర్తి పేరు పెట్టి పిలిచాడు. ఆయన తల అటు తిప్పుకున్నాడు.

స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో రెండు మచ్చలు కనిపించాయి. ఫంగస్‌కు వేసే మందు సాయంత్రానికల్లా నరంలోకి ఎక్కుతోంది. రెండు రోజుల ముందే మొదలుపెట్టి ఉంటే ఇంకా బాగుండేదని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు. ఆ మాట ఆమెకు ఎవరికంటే ముందే తెలుసు.

అచ్యుత్ ఆమెతో మూడు రోజులు మాట్లాడలేదు. నీళ్లు కావాలంటే నర్సును అడిగేవాడు. శకుంతల పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చుని, చీకటిపడ్డాక లేచి వెళ్లేది. గురువారం స్నేహ ఫ్లైటు దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. కాఫీ మిషను దగ్గర తల్లి చెప్పిందంతా విని, చేతిలో కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, యూ ఆఫ్ ఆల్ పీపుల్," అంది.

"అవును."

"వై వుడ్ యూ నాట్ జస్ట్ చెక్?"

"చూస్తే చెప్పాల్సి వస్తుందని."

స్నేహ కప్పు పక్కన పెట్టి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో ఓదార్పు ఉంది, కోపమూ ఉంది. శకుంతల రెంటినీ తీసుకుంది.

శనివారం మధ్యాహ్నం స్నేహ కాంటీన్‌కు వెళ్లినప్పుడు అచ్యుత్ తనంతట తానే మాట్లాడాడు.

"నువ్వు చెప్పుంటే ఏమయ్యేది?"

"అంతా పారేయాల్సి వచ్చేది. మీకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు."

"ఉండేది కాదు. ఒప్పుకుంటా." దగ్గు వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "అరవై తొమ్మిదేళ్ల మనిషిని నేను. ఆ రాత్రి నిద్ర కావాలో, ఊపిరితిత్తులు కావాలో నేను తేల్చుకునేవాణ్ణి. ఏమో, నిద్రే కావాలి అనేవాణ్ణేమో కూడా. అప్పుడు తప్పు నాదయ్యేది. నువ్వు ఆ తేల్చుకోవడమే నాకు లేకుండా చేశావు."

శకుంతల క్షమించండి అనబోయింది. ఆ మాట మరీ చిన్నదిగా అనిపించి ఊరుకుంది.

"ఇరవై ఎనిమిదేళ్లు ఎవరెవరికో రిపోర్టులు ఇచ్చావు," అన్నాడు ఆయన. "చెడ్డ రిపోర్టయితే దాచిపెట్టావా ఎప్పుడైనా?"

"లేదు."

"మరి?"

"వాళ్లెవరూ నా పక్కన పడుకుని గోడవైపు తిరిగేవాళ్లు కాదు."

అచ్యుత్ ఆమెకేసి చూశాడు. క్షమించినట్టు కాదు. వినడం మాత్రం విన్నాడు. తర్వాత, "నేను కూడా ఆ డాక్టరమ్మాయికి చెప్పాల్సింది. పొగ అని అడిగితే అది గుర్తుకే రాలేదు. నాకది మందు," అన్నాడు. కాళ్లవైపు దుప్పటి తొలగించమని సైగ చేశాడు. ఆమె లేచి తొలగించింది. మూడు రోజుల తర్వాత ఆయన ఆమెను అడిగిన మొదటి పని అది.

ఆదివారానికి జ్వరం దిగింది. ఆక్సిజన్ తీసేయడానికి ఇంకో వారం పట్టింది. పంతొమ్మిది రోజులకు ఇంటికి పంపారు. ఈలోగా శకుంతలా స్నేహా మాస్కులు కట్టుకుని బేస్‌మెంట్ గదిని బ్లీచుతో కడిగారు. కార్పెట్ చుట్టి బయట పడేశారు. గ్రీన్‌హౌస్‌లో మిగిలిన మోళ్లను, పక్కన గోంగూరతో సహా, వేళ్లతో పీకేశారు. బేబీగారు వీధిలో ఆపి "పోయిందా ఆ స్కంకు?" అని అడిగితే, శకుంతల ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ "అయ్యో, ముందే చెప్పుంటే ఆ రోజు నేనొచ్చి తోడుండేదాన్ని కదమ్మా, ఆస్పత్రికి," అన్నారు. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఊపిరితిత్తుల మచ్చలు చిన్నవయ్యాయి. కానీ వేరే దెబ్బ తగిలింది. నవంబరులో ఆయనకు కొత్త చికిత్స ఒకటి మొదలుపెట్టాలని అనుకున్నారు. ఆయన సొంత కణాలనే మార్చి జబ్బు మీదికి పంపే పద్ధతి. ఫంగస్ పూర్తిగా అణిగేదాకా అది కుదరదన్నారు. ఫిబ్రవరికి వాయిదా వేశారు. అప్పటిదాకా పాత మందు. పాత మందు పట్టు సడలుతోంది.

జనవరి మొదట్లో ఓ మధ్యాహ్నం రక్తపరీక్ష ఫలితాలు ఫోన్లో వచ్చాయి. అచ్యుత్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్ల ఈనెలు తీస్తున్నాడు. నొప్పి బిళ్ల వేసుకుని ఉన్నాడు, ఆ మగతలో చేతులు నిదానంగా కదులుతున్నాయి. ఇప్పుడు ఆ బిళ్లలతోనే నెట్టుకొస్తున్నాడు. మంట సగం తగ్గుతుంది, మనిషి కూడా సగం తగ్గుతాడు. శకుంతల స్టవ్ దగ్గర నిలబడి అంకెలు చదివింది. మళ్లీ చదివింది.

"ఏమంటోంది?" అన్నాడు.

ఫర్వాలేదండీ అనే మాట అలవాటు కొద్దీ పెదాల దాకా వచ్చింది. ఆమె స్టవ్ ఆపి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"జబ్బు అంకె అక్టోబరు కంటే రెండింతలయింది."

ఆయన చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఫిబ్రవరిదాకా ఆగుతుందా?"

"ఇలాగే పెరిగితే కష్టం. మధ్యలో ఇంకో మందు ఇచ్చి ఆపుతారేమో, అడగాలి. ఆపగలరో లేదో నాకు తెలీదండీ." ఆమె ఫోన్‌ను బల్ల మీద ఆయనవైపు తిప్పి పెట్టింది. "నవంబరులో మొదలై ఉంటే ఈ అంకె ఇలా ఉండేది కాదు. నా వల్లే."

అచ్యుత్ కాదనలేదు. ఆమెను ఊరడించడానికైనా కాదనలేదు. అందుకు ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఆయన కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. వాన పడుతూనే ఉంది.

"భయమేస్తోందా నీకు?" అన్నాడు.

"వేస్తోంది."

"నాకూ." చిక్కుళ్ల పళ్లెం ఆమెవైపు సగం జరిపాడు. "ఇవి కానిచ్చి, క్లినిక్‌కి ఫోన్ చేద్దాం. స్పీకర్లో పెట్టు. ఇద్దరం విందాం."

ఆమె ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది.